తోర్గిన్ వదిన

ఏప్రిల్ 2

కొత్త బ్యాచ్ మొదలైంది. అందరూ ఈ కరగండ ఊళ్ళోనే పుట్టి పెరిగి, ఇన్నాళ్ళూ రష్యన్‌తో నెట్టుకొచ్చినవాళ్ళు. ఇప్పుడు ఆఫీసుల్లో కజఖ్ భాష రావాలంటున్నారని పరుగెత్తుకొచ్చారు. లుద్మిలా పావ్లోవ్నా ఒక్కతే ఆఫీసు కోసం రాలేదు. ఆవిడకి మందుల షాపు ఉంది. కొడుకు మా కజఖ్ పిల్లని చేసుకున్నాడు. మనవరాలు అవతలి అమ్మమ్మతో కజఖ్‌లో గుసగుసలాడుతుందట, ఇద్దరూ కలిసి నవ్వుకుంటారట. నా వియ్యపురాలు నా గురించి ఏమంటోందో తెలుసుకోకుండా చచ్చే ప్రశ్నే లేదు, నేర్చుకునే చస్తాను అంది.

మొదటి రోజు ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. పేరు చివర మొదట ఎవరిదో తగిలించాలి. నాదా, నీదా, వాళ్ళదా. ఆ తర్వాతే విభక్తి. ఎక్కడికి, ఎక్కడ, ఎక్కణ్ణుంచి. పిల్ల, నా పిల్ల, నా పిల్లకి. తిరగేస్తే కుదరదు. ఎవరిదో తేలకుండా మా భాషలో ఏదీ ఎక్కడికీ కదలదు.

ఏళ్ళ తరబడి చెప్తున్న పాఠం. ఇవాళ బోర్డు మీద ‘నా పిల్లకి’ అని రాస్తుంటే మార్కర్ ఆగిపోయింది. ఇంకు అయిపోయిందనుకుని ఇంకోటి తీశాను. ఇంకు అయిపోలేదు.

మా ఫ్లాటు ఎదురుగా ఉన్న బడిలో ఒకటో క్లాసుకి దరఖాస్తులు తీసుకుంటున్నారు. తోర్గిన్‌కి ఈ సెప్టెంబరులో బడి. ఏ బడి అన్నది ఎవరూ మాట్లాడరు.

ఏప్రిల్ 3

మా ఆయన మెర్గలికి ఫోన్ చేశాను. గనిలో షిఫ్టులో ఉన్నాడు, పదిహేను రోజులు అక్కడే. తోర్గిన్‌ని ఇక్కడ బడిలో వేద్దాం, మీ అమ్మతో నువ్వే మాట్లాడాలి అన్నాను. సిగ్నల్ లేదు, వినపడట్లేదు అన్నాడు. వినపడకపోతే జవాబెలా చెప్పాడో.

ఏప్రిల్ 9

ఒకసారి కాగితం మీద పెడితే తేలుతుందేమో చూద్దాం.

తోర్గిన్ నా కూతురు. నేనే కన్నాను. నలభయ్యో రోజు స్నానం అయిన సాయంత్రం అత్తయ్య దాన్ని తన ఉన్ని కోటులో చుట్టుకుని వాళ్ళ ఊరు కోయ్‌తాస్ తీసుకెళ్ళిపోయింది. మొదటిది పెద్దవాళ్ళది, రెండోది మీది అంది. ఇది అందరిళ్ళలో జరిగేదే. అప్పుడు నాకు యూనివర్సిటీలో ఆఖరి ఏడు. ఎవరూ నన్నడగలేదు. అడగాలని నాకూ తోచలేదు. రెండోది ఉంది కదా అనుకున్నాను. ఏడేళ్ళయింది, రెండోది రాలేదు. డాక్టరమ్మ వస్తుందనీ అనదు, రాదనీ అనదు.

తాతా నాయనమ్మా పెంచిన పిల్ల వాళ్ళ పిల్లే. అందుకని తోర్గిన్ మా అత్తయ్యని అమ్మా అంటుంది. పోయిన మామయ్యని నాన్న అంటుంది. కన్నతండ్రి మెర్గలి దానికి అన్నయ్య. అన్నయ్య పెళ్ళాన్ని కాబట్టి నేను వదినని. అంటే నా కూతురు నాకు ఆడపడుచు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నా అర్ధమొగుడికి ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి.

ఇక్కడితో ఐపోతే బాగుండేది. మెర్గలి కూడా మొదటివాడే. వాణ్ణీ వాళ్ళ నాయనమ్మే పెంచింది. ఆవిణ్ణే అమ్మా అన్నాడు. ఆవిడ మా పెళ్ళికి ముందు ఏడాది పోయింది, కోయ్‌తాస్ గుట్ట మీద సమాధిలో ఉంది. కన్నతల్లిని మాత్రం వదినా అంటాడు. కొత్తలో ఒకరోజు వదినా, టీ పొయ్యవా అని కేకేశాడు. ఏ వదిన వస్తుందో చూద్దామని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య వచ్చింది, టీ కెటిల్ పట్టుకుని.

కోడల్ని కాబట్టి నేనూ ఆవిణ్ణి అమ్మా అనే పిలవాలి. అంటే ఆవిడ కన్న కొడుకు వదినా అంటాడు. ఆవిడ కనని మేమిద్దరం, నేనూ తోర్గిన్, అమ్మా అంటాం.

తేలలేదు.

ఏప్రిల్ 27, కోయ్‌తాస్

బస్సు దిగగానే తోర్గిన్ కంచె ఎక్కి వదినొచ్చిందీ అని ఊరందరికీ చాటింది. ముందుపన్ను ఊడింది. దాన్ని నిద్రలో కుక్క తినేసిందని ఒకసారి చెప్పింది, తనే కుక్కకి పెట్టానని ఇంకోసారి చెప్పింది.

మెర్గలి మాట్లాడడు గనక నేనే మాట్లాడాను. అత్తయ్య పిండి పిసుకుతోంది. మా అత్తయ్య కుల్పాష్ అంటే కోయ్‌తాస్‌లో మగవాళ్ళు కూడా టోపీ సర్దుకుంటారు. పాతిక గుర్రాల్ని ఒక్క చేత్తో కాస్తుంది. అమ్మా, తోర్గిన్‌ని సెప్టెంబరు నుంచి మా దగ్గర ఉంచుకుంటాం, బడి మా ఇంటి ఎదురుగానే ఉంది అన్నాను. పక్కన ఎవరైనా వింటే గొర్రెపిల్లని అడుగుతున్నాననుకుంటారు.

పిసకడం ఆపలేదు. ఏమే జౌరెష్, నేనేమైనా నీ గరిటె చేబదులు తెచ్చుకున్నానా, పనైపోయింది, ఇచ్చెయ్యి అనడానికి అంది. ఇక్కడ బడి లేదా అంది. మెర్గలి ఈ బడిలో చదివే మనిషయ్యాడు, పెళ్ళాన్ని కూడా తెచ్చుకున్నాడు, చూడు ఎంత తెలివైనదాన్ని తెచ్చుకున్నాడో అంది.

తిరిగొచ్చేటప్పుడు కుండెడు వెన్న, సగం గొర్రె, తన కొత్త శాలువా బలవంతంగా ఇచ్చింది. బస్సువాడు ఇల్లు మారుతున్నారా అక్కా అన్నాడు. అడగనివన్నీ ఇస్తుంది మా అత్తయ్య.

ఏప్రిల్ 28

నిజంగా నాకు కావాలా? లేక ఇవ్వనంటోంది కాబట్టి కావాలా? పొద్దున్నుంచి ఇదే.

మే 14

క్లాసులో లుద్మిలా పావ్లోవ్నా గొడవ పెట్టుకుంది. మా భాషలో ‘అమ్మ పిల్ల’ అనాలంటే అమ్మకీ చివర ఒక కొక్కెం, అదే ప్రత్యయం, తగిలించాలి, పిల్లకీ ఒక కొక్కెం తగిలించాలి. నా మొగుడి టోపీ అంటే మా రష్యన్‌లో మొగుడికి ఒక్కటి పెడితే చాలు, టోపీకి ఎందుకు? మీ వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నమ్మరా ఏమిటి అంది. క్లాసంతా నవ్వారు. ఇద్దరూ ఒప్పుకోవాలి కదండీ అని ఏదో అన్నాను. పిల్ల ఒప్పుకోకపోతే అంది ఆవిడ.

హోంవర్క్ ఇచ్చి పంపేశాను.

జూన్ 8

నమ్మలేకపోతున్నాను. అత్తయ్యే ఫోన్ చేసింది. ఉన్ని కత్తిరింపులు, ఇంటినిండా జనం, పిల్ల కాళ్ళకి అడ్డం పడుతోంది, రెండు వారాలు తీసుకుపో అంది. అడ్డమట! దాని బూటు కనపడకపోతే ఊరు తిరగేసే మనిషి.

మెర్గలి వెళ్ళి తెచ్చాడు. సంచీలో బట్టలకంటే ఎక్కువ ఎండు పెరుగు ఉండలున్నాయి. అన్నిటికీ పైన అత్తయ్య తలగుడ్డ. ఎందుకే అంటే, నిద్రకి అంది తోర్గిన్.

జూన్ 10

ఆడుకునే చోటికి తీసుకెళ్ళాను. జారుడుబల్ల మీద నుంచి వదినా, చూడు, వదినా, చూడవే అని ఒకటే అరుపులు. బెంచీ మీద పక్కనున్న ఆవిడ మీ ఆడపడుచా, మీ పోలికే ఉందే, విచిత్రం అంది.

అవునండీ, ఆడపడుచు అన్నాను.

నేనే అన్నాను. ఎవరూ నా గొంతు మీద కాలు పెట్టలేదు. నా కూతురండీ అంటే అయ్యేది. అంటే అది విని జారుడుబల్ల మీద నుంచి ఏమంటుందోనని భయం వేసింది.

జూన్ 13

ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక తోర్గిన్‌ని క్లాసుకి తీసుకెళ్ళాను. వెనక బెంచీలో బొమ్మలు వేసుకోమంటే వేసుకోలేదు. లుద్మిలా పావ్లోవ్నా ‘నా షాపుకి’ అనబోయి ‘షాపుకి-నా’ అన్నప్పుడు కిందపడి నవ్వింది. తప్పే అమ్మమ్మా, ముందు నీదని చెప్పు, నీదని చెప్పకపోతే ఎవరైనా తీసుకుపోతారు అంది.

ఆవిడకి తెగ ముద్దొచ్చేసింది. ఎవరి పిల్లవే నువ్వు అని అడిగింది. మా వాళ్ళు ప్రతి పిల్లనీ అడిగే ప్రశ్నే, మొన్ననే నేర్చుకుంది. తోర్గిన్ లేచి నిలబడి, అమ్మ పిల్లని, కోయ్‌తాస్ కుల్పాష్ అమ్మ పిల్లని అంది. లుద్మిలా పావ్లోవ్నా నా వైపు తిరిగి, రెండు కొక్కేలూ ఉన్నాయి, విన్నారా, రెండూ సరిగ్గా తగిలించింది అంది సంబరంగా.

సరిగ్గానే తగిలించింది. టీచరుగా ఏమీ అనడానికి లేదు.

జూన్ 15

అంట్లు తోముతుంటే వెనకొచ్చి నిలబడి, వదినా, నీకు పిల్లల్లేరా అంది.

ఉంది ఒకతి అన్నాను. ఎందుకన్నానో.

ఎక్కడ?

ఊళ్ళో ఉంది.

పేరేంటి?

తోర్గిన్.

అయ్యబాబోయ్, నా పేరే అని పగలబడి నవ్వింది. నేను తోమిన ప్లేటే మళ్ళీ తోమాను. దానికి తెలియదా? ఊళ్ళో పిల్లలు చెప్పకుండా ఉంటారా? భూమి గుండ్రంగా ఉందని తెలిసినట్టు తెలుసేమో. తెలుసు, కానీ ఇల్లు మాత్రం బల్లపరుపుగానే ఉంది.

జూన్ 16

ఆపిల్ సగం తిని సగం ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ తోర్గిన్‌కట.

జూన్ 17

ఆపిల్ నల్లబడింది. పారేయలేను. మెర్గలి చూసి, ఇదేంటి అన్నాడు. నీ చెల్లెల్ని అడుగు అన్నాను.

జూన్ 22

దింపి వచ్చాం. ఇక్కడున్నన్నాళ్ళూ మెర్గలి దాన్ని భుజాల మీద నుంచి దించలేదు. కోయ్‌తాస్ మొదటి కంచె కనపడగానే కారు ఆపి, దాన్ని వెనక సీట్లోకి వెళ్ళి కూర్చోమన్నాడు. పెద్దవాళ్ళ ఎదుట తన బిడ్డని తను ముద్దు చేసుకుంటే సిగ్గుచేటు. అది పుట్టాక ఒక్కసారి కూడా వాళ్ళ నాన్న ముందు దాన్ని ఎత్తుకోలేదు. ఆయన పోయి మూడేళ్ళయినా ఊళ్ళో మిగతా గడ్డాలున్నాయి కదా.

అత్తయ్య గేటు దగ్గరే ఉంది. తోర్గిన్ అమ్మా అంటూ పరుగెత్తింది. ఆవిడ దాన్ని వాసన చూసింది, నెత్తి మీద, మెడ మీద. పట్నం సబ్బు కంపు అంది.

దారంతా ఏడ్చాను. మెర్గలి రేడియో పెట్టాడు.

జూలై 30

అత్తయ్య ఫోన్. ఆగస్టులో తోర్గిన్‌కి బడి పండుగ చేస్తుందట, గుర్రాన్ని కోస్తుందట, చుట్టాలందరికీ కబురు వెళ్ళిందట. పిల్ల ఎక్కడ చదువుతుందో ఆ రోజు అందరి ముందూ చెప్తాను అంది. ఇప్పుడే చెప్పండమ్మా అన్నాను. నీకేం తొందర, సెప్టెంబరు ఏమైనా పారిపోతుందా అని పెట్టేసింది.

ఆగస్టు 18, కోయ్‌తాస్

జరిగింది జరిగినట్టు రాస్తాను. లేకపోతే రేపటికి నాకే నమ్మకం పోతుంది.

పెద్ద గుడారం వేశారు. మాంసం, వేయించిన పిండిముద్దలు, గుర్రపు పాలు. తోర్గిన్‌కి తెల్ల రిబ్బన్లు, వీపంత సంచి. ముసలమ్మలు దాని నెత్తి మీద మిఠాయిలు చల్లారు. పిల్లలు కాళ్ళ మధ్య దూరి ఏరుకున్నారు.

తర్వాత ఒమిర్తాయ్ చినమామయ్య లేచాడు. మామయ్య తమ్ముడు, ఇప్పుడు ఇంటికి పెద్ద. బడికెళ్ళే పిల్ల ఏడు తరాల తండ్రుల పేర్లు చెప్పాలి, ఎవరి పిల్లో తెలియనివాళ్ళకి బడెందుకు అన్నాడు. అత్తయ్య వేసవంతా నేర్పించింది. తోర్గిన్ గొంతు సవరించుకుంది. నేను తోర్గిన్‌ని, మా నాన్న సెయ్‌తెన్, సెయ్‌తెన్ నాన్న బైగజీ, బైగజీ నాన్న కోష్కార్, అలా ఒకదానికొకటి తగిలించుకుంటూ ఏడూ చెప్పేసింది. ఒక్క తడబాటు లేదు. అందరూ చప్పట్లు.

నా పక్కనున్న ముసలమ్మ వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుని, ఒక మెట్టు ఎగిరిపోయిందే అంది.

నాకప్పుడు వెలిగింది. సెయ్‌తెన్ అంటే మామయ్య. మెర్గలి పేరే లేదు. ఏడుకి ఏడు సరిపోవాలని అవతల ఇంకో ముత్తాతని తెచ్చి పెట్టింది అత్తయ్య.

ఒమిర్తాయ్ చినమామయ్య పెద్దగా నవ్వి, మరి మెర్గలి ఎవరే అన్నాడు. అన్నయ్య అంది తోర్గిన్, అదేం ప్రశ్న అన్నట్టు. గుడారమంతా గొల్లుమంది. ఎగతాళికి కాదు. ప్రతి ఇంట్లో ఇలాంటిదొకటి ఉంటుంది. ఇది ఈ ఇంటి జబ్బర్రా అన్నాడు చినమామయ్య. మెర్గలి గాడు కూడా తన పండుగనాడు ఇలాగే మా అన్నయ్యని ఎగ్గొట్టి తాత నుంచి మొదలెట్టాడు. అన్నయ్య నవ్వుతూనే లేచి గుర్రాల దగ్గరికి పోయాడు, మాంసం చల్లారేదాకా రాలేదు అన్నాడు.

మెర్గలి కూడా నవ్వుతున్నాడు. నవ్వుతూనే లేచి బయటికి వెళ్ళాడు. గుర్రాల వైపే.

వెనకే వెళ్ళాను. ఒక గుర్రం మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు. అంతలో అత్తయ్య వచ్చింది. పండుగ బట్టల్లో, చేతికి పిండి అంటుకుని ఉంది. మెర్గలి ఆవిడ వైపు తిరక్కుండానే, వదినా, పిల్లని మాకు ఇచ్చెయ్యి అన్నాడు. ఏడేళ్ళలో మొదటిసారి నోరు తెరిచాడు.

అత్తయ్య చాలాసేపు వాడి వీపు చూసింది. నువ్వు పుట్టినప్పటి నుంచీ వదినా అనే పిలిచావు, నేను పలికాను అంది. ఒక్కసారి అమ్మా అను, తీసుకుపో. అంతే అంది.

అంతే. ఒక్క మాట. అంతకంటే చౌకగా ఎవరూ ఏదీ ఇవ్వరు.

మెర్గలి ఇటు తిరిగాడు. నోరు తెరిచాడు. గొంతు కదలడం నాకు కనపడింది. గుర్రం తోకతో ఈగల్ని కొట్టుకుంటోంది. అత్తయ్య గౌను అంచుకి పిండి తుడుచుకుంటూ నిలబడింది. వాడు నోరు మూశాడు.

సరే, మాంసం చల్లారుతోంది, రండి అని అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. అందరి ముందూ ఏమీ ప్రకటించలేదు.

ఆగస్టు 19

తిరుగు ప్రయాణంలో కారులోనే పోట్లాడాను. గొంతులో ఎముక అడ్డం పడిందా, ఎముకైనా మింగొచ్చు కదా, నీ కూతురి కోసం రెండక్షరాలు పలకలేవా అన్నాను. మెర్గలి కారు పక్కకి తీసి ఆపాడు. పెళ్ళినాడు కూడా ప్రయత్నించానన్నాడు. నోరు తెరవగానే గుట్ట మీద ఉన్న మనిషి ముఖం కనపడుతుందట. అమ్మా అంటే ఆమే పలికినట్టుంటుంది, వేరే వాళ్ళని అలా పిలిస్తే ఆమె రెండోసారి పోతుంది అన్నాడు. నాకున్నది ఒకే అమ్మ జౌరెష్, ఏం చెయ్యమంటావు అన్నాడు.

అలా అన్నాక మళ్ళీ కారు తీశాడు.

ఆగస్టు 21

ముప్పై దాటిన మగాడు పలకలేకపోయాడు. మరి తోర్గిన్?

ఇన్నాళ్ళూ నా లెక్క ఏమిటంటే, అది నా దగ్గరికి వస్తే చాలు, ఒక నెలకో ఏడాదికో అమ్మా అంటుంది. అనదు. ఆ మాటకి దాని నోట్లో ఇప్పటికే ఒక మనిషి ఉంది. నేను తెచ్చుకుంటే వచ్చేది కూతురు కాదు, ఆడపడుచే. మరి ఇంత రభస దేనికి? ఏం కావాలి నాకు? పిల్లా, పిలుపా?

పిల్ల. ఇది రాయడానికి ఇంత సేపు పట్టింది.

ఆగస్టు 24, కోయ్‌తాస్

మెర్గలికి చెప్పకుండా ఒక్కదాన్నే వచ్చాను. అత్తయ్య గుర్రం పాలు తీస్తోంది. వచ్చావా, అయితే ఈ పిల్లని పట్టుకో అని ఒక గుర్రప్పిల్లని నా చేతికిచ్చింది. ముందు పిల్ల రెండు గుక్కలు తాగాలి, తర్వాత దాన్ని తల్లి పక్కనే, వాసన తగిలేలా పట్టుకుని నిలబడాలి. పిల్ల కనపడకపోతే గుర్రం పాలు పైకి లాగేసుకుంటుంది. నాకంటే బలంగా ఉంది అది. నా కాళ్ళు తొక్కేసింది.

ఆవిడ ముఖం గుర్రం పొట్టకి ఆనించి ఉంది, నాకు కనపడలేదు. అలాగే మాట్లాడింది. మెర్గలిని తీసుకెళ్ళినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు అంది. ఎంత దూరమనుకున్నావ్, గోడ అవతలే. వాడి ఏడుపు వినపడితే నా జాకెట్టు తడిసేది. రెండోది నీది అంది మా అత్తగారు. నీకూ అదే కదా చెప్పాను? రెండోది రాలేదే. ఏడాది చూశాను, పదేళ్ళు చూశాను. నీ పిల్ల నోరు తిరిగి మొదటిసారి అమ్మా అన్నప్పుడు నాకు యాభై దగ్గరపడ్డాయి. వెనక్కి తిరిగి చూశాను, ఎవర్ని పిలుస్తోందా అని.

నాకు ఆవిడ మీద కోపం రావాలి. తనకి తెలిసి కూడా నాకు అదే చేసింది కదా. వచ్చింది కూడా. కానీ ఏ వైపు నిలబడి కోపగించుకోవాలో తెలియలేదు. గుర్రప్పిల్ల గింజుకుంటోంది.

అమ్మా, ఆ పిలుపు మీదే, నేను అడగను అన్నాను. మెర్గలికి రాదు, తోర్గిన్‌కీ రాదు. నేను వదిననే. కానీ పొద్దున్నే జడ వేసే వదినని అవుతాను, జ్వరమొస్తే పక్కన పడుకునే వదినని అవుతాను. అంత వరకే ఇవ్వండి.

ఆవిడ లేచి చెంబు పక్కన పెట్టింది. ఇంక వదులు, దాని వాటా తాగనియ్ అంది.

పిల్లని వదిలాను.

ఆగస్టు 25, పొద్దున

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. తనే తోర్గిన్ సంచి సర్దుతోంది. ఒక్కో గౌనూ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. బూట్లు పెట్టేటప్పుడు మాత్రం, ఎడమది బిగుతు, పట్నంలో నడిపించి చంపకు అంది. సెలవులన్నీ నావి అంది. రోజూ ఫోన్ అంది.

ఆగస్టు 25, సాయంత్రం

బస్సు కిటికీకి అతుక్కుని అమ్మా, అమ్మా అని ఏడ్చింది. అత్తయ్య చెయ్యి ఊపలేదు. వెనక్కి తిరిగి గుర్రాల వైపు నడిచింది, బస్సు కదలకముందే. నేను గెలిచినట్టా? దొంగతనం చేసి పారిపోతున్నట్టు కూర్చున్నాను. పక్క సీటు ముసలాయన ఎందుకే ఏడుస్తున్నావ్, ఎవరి పిల్లవే అన్నాడు. తోర్గిన్ చెప్పింది. మరి ఈవిడెవరే అన్నాడు.

మా వదిన, బడికి తీసుకెళ్తోంది అంది, ముక్కు నా చేతికి తుడుచుకుంటూ.

సెప్టెంబరు 1

బడి. పూలు, రిబ్బన్లు, మైకు గోల. టీచరు ఒక్కొక్కళ్ళనీ దగ్గరికి పిలిచి ఎవరి పిల్లవమ్మా అని అడిగింది. మాది కోయ్‌తాస్, కుల్పాష్ అమ్మ పిల్లని, ఈవిడ మా వదిన, ఆయన మా అన్నయ్య అంది తోర్గిన్. టీచరు నా వైపు చూసింది. తప్పులు దిద్దడం నా ఉద్యోగం. దిద్దలేదు.

సాయంత్రం ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టాను. అటు ఫోన్ ఎత్తిన చప్పుడు. అమ్మా అని అరిచింది తోర్గిన్. దాని అరుపు వెనకే, సరిగ్గా దాని నీడలో, ఇంకో గొంతు వినపడింది. లోగొంతుకతో, బొంగురుగా. మెర్గలి గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మెడ ఎర్రబడి ఉంది.

ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత అత్తయ్య గొంతు, ఎప్పుడూ లేనంత మెల్లిగా, ఇద్దరిలో ఎవర్రా పిలిచింది అంది.

నేనే అంది తోర్గిన్.

మెర్గలి ఏమీ అనలేదు. కాదనలేదు.

సెప్టెంబరు 5

క్లాసులో ఏడు విభక్తుల రివిజన్. ఏ పేరు రాయమంటారు అన్నాను. మీకు నచ్చింది రాయండి అంది లుద్మిలా పావ్లోవ్నా. తోర్గిన్ వదిన అని రాశాను. తోర్గిన్‌కి ఒక కొక్కెం, వదినకి ఒక కొక్కెం. తోర్గిన్ వదినది. తోర్గిన్ వదినకి. తోర్గిన్ వదినని. తోర్గిన్ వదిన దగ్గర. తోర్గిన్ వదిన నుంచి. తోర్గిన్ వదినతో.

‘నుంచి’ చెరిపేశాను. ఆరోది ఏదండీ అని అడిగింది ఆవిడ. ఇవాళ వద్దు అన్నాను.